ఆర్డరిచ్చాక అరగంట

హోటలు గోడకి అసలు పెయింటింగు తగిలించాలంటే మేకు, సుత్తి ఉంటే చాలదు. పోపు పొగ, తలనూనె, వాస్తు, వాటా... అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇటలీ నుంచి రావాల్సిన అద్దాలు రాలేదు. అది 1889, పారిస్ నగరం. కొత్తగా లేచిన ఈఫిల్ టవర్ పక్కనే ప్రపంచ ప్రదర్శన మొదలవుతోంది. ఆ ప్రదర్శన మైదానంలో కాఫీ హోటలు పెట్టుకున్న వోల్పినీ అనే ఆసామి గోడల నిండా అద్దాలు బిగిద్దామని ఆర్డరు పెట్టుకున్నాడు. ముహూర్తం ముంచుకొచ్చినా సరుకు దిగలేదు. దానిమ్మ రంగు వేయించిన గోడలు బోసిగా మిగిలాయి. ఈ సంగతి షూఫెనెకర్ అనే చిత్రకారుడి చెవిన పడింది. అతగాడు యజమానిని ఒప్పించి, మిత్రుడు పాల్ గోగాన్‌కి కబురు పెట్టాడు. అధికారిక కళామండపంలో చోటు దొరకని గోగాన్, ఎమిల్ బెర్నార్, మరికొందరు తమ కాన్వాసులు తెచ్చి ఆ గోడలకి తగిలించారు.

అమ్మకాలు దాదాపు లేవు. కానీ చూసినవాళ్లలో మోరిస్ డెనీ లాంటి కుర్ర చిత్రకారులున్నారు. తర్వాత 'నబీ'లుగా పేరు తెచ్చుకున్న వాళ్ల బృందానికి ఆ గోడలు పెద్ద పాఠం. కళాచరిత్రలో ఆ ప్రదర్శనకి స్థిరపడ్డ పేరు 'వోల్పినీ ప్రదర్శన'. బొమ్మలు వేసినవాళ్లని వదిలేసి, హోటలు నడిపినాయన పేరు నిలబడింది!

హైదరాబాదు ఇరానీ హోటళ్లకి మాత్రం అద్దాలు సమయానికే అందినట్టున్నాయి. పాత ఇరానీ హోటల్లో గోడల నిండా అవే. ఇటు కోస్తాలో, రాయలసీమలో హోటలు గోడంటే వేంకటేశ్వరస్వామి పటం, దాని చుట్టూ సీరియల్ లైట్లు, హోటలు పెట్టిన పెద్దాయన ఫొటోకి చందనపు దండ, ధరల బోర్డు, అరువు అడగొద్దన్న హెచ్చరిక. ఎవరూ అలంకరణ కోసం పెట్టినవి కావు, అన్నీ పనున్నవే. ఆ తర్వాత డిజిటల్ ప్రింట్ల కాలం వచ్చింది. అదే బుద్ధుడు, అవే బిందెల పడుచులు, అదే లండన్ వానలో ఎర్ర బస్సు. కాన్వాసు గుడ్డ మీద అచ్చేసి చట్రానికి బిగిస్తే దూరం నుంచి పెయింటింగులాగే ఉంటుంది. దగ్గరికెళ్లి వేలితో తడిమితే కుంచె జాడ తగలదు.

ఇప్పుడు విశాఖ, విజయవాడ, హైదరాబాదుల్లో కొన్ని చిన్న రెస్టారెంట్లు, కాఫీ షాపులు అసలు బొమ్మలు పెడుతున్నాయి. ఫైన్ ఆర్ట్స్ చదివి బయటికొచ్చిన పిల్లలకి గ్యాలరీ అద్దె తలకి మించిన భారం. హోటలు యజమానికి గోడ ఖాళీగా ఉంది. ఇద్దరికీ లాభమే కదా అనిపిస్తుంది. చాలాచోట్ల అది మూడు నెలల ముచ్చటగా ముగుస్తోంది. ఎందుకంటే ఇద్దరూ గ్యాలరీని మనసులో పెట్టుకుని గోడ వైపు చూస్తారు. హోటలు గోడ లెక్క వేరు.

గ్యాలరీకి వచ్చినవాడు నిలబడి చూస్తాడు. ఒక్కో బొమ్మ ముందు అర నిమిషం ఆగితే గొప్ప. హోటలుకి వచ్చినవాడు బొమ్మ కోసం రాలేదు, నిజమే. కానీ ఆర్డరిచ్చాక బిర్యానీ వచ్చేలోపు అతనికి చేయడానికి పనేమీ లేదు. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఫోను చూస్తాడు, గ్లాసు తిప్పుతాడు, తలెత్తుతాడు. తలెత్తినప్పుడల్లా ఎదుట అదే బొమ్మ. ఏ గ్యాలరీలోనూ ఒక బొమ్మకి ఇంత తీరుబడి చూపు దక్కదు. ఎత్తు, వెలుతురు, బొమ్మ ఎంపిక, ధర చీటీ, అన్నీ ఈ కూర్చున్న మనిషిని తలుచుకుని తేల్చుకోవాల్సినవే.

కుర్చీ కుర్చీకీ కూర్చుని

ఈమధ్య విశాఖలో ఒక చిన్న రెస్టారెంటులో బొమ్మలు తగిలిస్తుంటే చూశాను. రాత్రి పదకొండు దాటింది, ఆఖరి బల్ల తుడిచేశారు. చిత్రకారిణి చేతిలో బొమ్మ లేదు, పాత న్యూస్‌పేపర్లున్నాయి. ఒక్కో కాన్వాసు కొలతకి ఒక్కో కాగితం కత్తిరించి, టేపుతో గోడకి అంటించింది. ఆ తర్వాత ఆ అమ్మాయి చేసిన పని నాకు నచ్చింది. హాల్లో ఉన్న ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చుని చూసింది.

"ఇంకొంచెం పైకి పెట్టకూడదా అమ్మా? కిందుంటే సాంబారు చిందుతుంది" అన్నారు యజమాని.

"మరీ పైకి పెడితే ఫ్యాను తప్ప ఎవరూ చూడరు సార్."

డ్రిల్లు పట్టుకున్న ఎలక్ట్రీషియన్ స్టూలు దిగకుండానే అడ్డుపడ్డాడు. "ఇక్కడ లోపల్నుంచి వైరు పోతాది మేడమ్. స్విచ్చిబోర్డుకి నిట్టనిలువునా కన్నం పెట్టకూడదు. ఒక జానెడు పక్కకి రండి."

గ్యాలరీల్లో ఒక వాడుక ఉంది: బొమ్మ మధ్య భాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. నిలబడ్డ మనిషి చూపు ఎత్తు అది. హోటల్లో కూర్చున్న మనిషి చూపు 120 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి బొమ్మ కిందికి దించాలనిపిస్తుంది. దించితే తలనూనె ఊరుకోదు. గోడ వారగా కుర్చీలున్న ఏ పాత హోటల్లోనైనా చూడండి, నాలుగడుగుల ఎత్తున గోడ పొడవునా నల్లటి చార ఉంటుంది. తలలు ఆనించిన గుర్తు. ఆ చారలోకి బొమ్మ అంచు దిగిందంటే కొబ్బరినూనె ముందు చట్రానికి, తర్వాత గుడ్డకి పడుతుంది.

కాబట్టి బల్ల వెనక గోడకి తగిలించే బొమ్మ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల కోసం కాదు. ఎదుటి బల్లవాళ్ల కోసం. దాని కింది అంచు 135 సెంటీమీటర్లకి తగ్గకూడదు. కుర్చీలు లేని నడక దారి గోడ మీదైతే గ్యాలరీ లెక్కే సరిపోతుంది. చేతులు కడుక్కునే చోటు పక్క గోడ మాత్రం వద్దే వద్దు. అక్కడ జనం చెయ్యి విదిలించే తీరు మనకి తెలియనిదా?

కొక్కేల సంగతి చెప్పేసి ముందుకెళ్తాను. రెండడుగులకి మూడడుగుల బొమ్మకి 3 మిల్లీమీటర్ల గాజు వేస్తే గాజు బరువే నాలుగు కిలోలు దాటుతుంది. చట్రం బరువు అదనం. ఇటుక గోడైనా సిమెంటు గోడైనా ఉత్త మేకు దిగ్గొట్టి వదిలేస్తే పెచ్చు లేచిపోతుంది. డ్రిల్లుతో కన్నం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, స్క్రూ బిగించాలి. ఒకే కొక్కేనికి వేలాడే బొమ్మ తలుపు దడేలుమన్నప్పుడల్లా వంకర పోతుంది. రెండు కొక్కేలు, రసమట్టం పెట్టి చూసుకున్నవి, ఉంటే కదలదు. పిల్లలు తిరిగే హోటలైతే కింద మూలల్లో కూడా పట్టేయాలి. దొంగల సంగతీ తలుచుకోవాలి. ఫ్రాన్సులో సెయింట్ పాల్ అనే కొండ ఊళ్లో లా కొలోంబ్ దోర్ అనే హోటలుంది. 1920లో పాల్ రూ మొదలుపెట్టిన చిన్న కాఫీ హోటలు అలా ఎదిగింది. పికాసో, మతీస్, బ్రాక్ బొమ్మలు భోజనాల గదిలోనే ఉంటాయి. 1960లో దొంగలు పడి బొమ్మలు ఎత్తుకుపోయారు, తర్వాత దొరికాయనుకోండి. మన కుర్ర చిత్రకారుల బొమ్మలకి అంత గండం ఉండదు గానీ, రెండు మరల ఖర్చుకి వెనకాడడం దేనికి?

పోపు వేసే చోట

అసలు శత్రువు వంటింట్లో ఉంది. నూనె కాగి ఆవాలు చిటపటలాడినప్పుడు లేచేది ఉత్త పొగ కాదు. అందులో కంటికి కనపడని నూనె తుంపరలుంటాయి. అవి గాల్లో తేలి, చల్లగా ఉన్న గోడల మీద, బొమ్మల మీద పేరుకుంటాయి. దాని మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ నూనె. ఏడాదిలో తెల్లరంగు టీ రంగుకి తిరుగుతుంది. పొద్దున్నే గల్లాపెట్టె దగ్గర వెలిగించే అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి కూడా తమ వంతు మసి చేరుస్తాయి.

ఇందులో యాక్రిలిక్ రంగుల బాధ మరీ ఎక్కువ. తేలిక, చవక, త్వరగా ఆరతాయని కుర్రాళ్లు ఎక్కువగా వాడేవి అవే. కానీ యాక్రిలిక్ పొరంటే నిజానికి ప్లాస్టిక్. వేడికి మెత్తబడుతుంది. ఎండాకాలం రెండు యాక్రిలిక్ కాన్వాసులు ముఖాముఖి ఆనించి ఉంచితే అతుక్కుపోవడం చిత్రకారులందరికీ అనుభవమే. విజయవాడ మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఏసీ ఆపేసి షట్టరు దించిన హోటలు లోపల ఎలా ఉంటుందో ఊహించుకోండి. మెత్తబడ్డ ఆ పొరలోకి నూనె మసి దిగిందంటే తుడిస్తే పోదు. తీసేయగలిగిన వార్నిషు పూత ముందే వేసి ఉంటే కొంత నయం. తైలవర్ణాలకైతే రంగు లోపలిదాకా ఆరాలి కాబట్టి ఆరు నెలలో ఏడాదో ఆగాకే ఆఖరి వార్నిషు వేయాలి. ప్రారంభోత్సవం తొందరలో పచ్చి రంగు మీద వార్నిషు వేస్తే తర్వాత పగుళ్లే.

తుడిచే కుర్రాడి సంగతి వేరే చెప్పాలి. చేతిలో తడిగుడ్డ, ఇంకో చేతిలో అద్దాలు తుడిచే నీలం స్ప్రే. బల్లలు అయిపోగానే బొమ్మ కూడా తళతళలాడాలని అతని తాపత్రయం. కాన్వాసు మీద ఆ స్ప్రే కొడితే రంగు పాడవుతుంది. గాజు మీద కొడితే అంచులోంచి నీరు లోపలికి దిగి కాగితానికి చెమ్మ పడుతుంది. స్ప్రేని గుడ్డ మీద కొట్టుకుని గాజు తుడవాలి. కాన్వాసునైతే పొడి మెత్తటి కుంచెతో దులపాలి, అంతే. ఈ రెండు ముక్కలు అతనికి చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. పాడయ్యాక మాత్రం తిట్లు తినేది అతనే.

తెలంగాణ వంటల హోటళ్లలో చేర్యాల బొమ్మలు పెట్టడం ఇప్పుడు బాగా కనిపిస్తోంది. చూడ్డానికి ముచ్చటే. అయితే ఆ బొమ్మలు వేసే నకాషీలు ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆ పూత మీద బొమ్మ వేస్తారు. తేమ తగిలితే ఆ పూత పెచ్చులూడుతుంది. చింతగింజల అంబలంటే పురుగులకి విందు. అలాంటి బొమ్మని గాజు చట్రంలో పెట్టాలి. గాజు బొమ్మకి తగలకుండా నడుమ కాస్త ఖాళీ ఉండాలి, వెనక అట్టకీ గోడకీ మధ్య గాలి ఆడేలా మూలల్లో రబ్బరు బిళ్లలు అంటించాలి. ఫొటోలు కట్టే షాపులో గాజుని బొమ్మకి నేరుగా ఆనించి కట్టేయడం రివాజు. వానాకాలం ముగిసేసరికి బొమ్మ గాజుకి అతుక్కుంటుంది. అడిగి మరీ మౌంటు వేయించుకోవాలి.

వెలుతురు విషయంలో మ్యూజియంలు కాగితం, నీటిరంగులు, గుడ్డ బొమ్మలకి 50 లక్స్ మించనివ్వవు. తైలవర్ణాలకి 200 దాకా పర్వాలేదంటాయి. పడమటి ఎండ సూటిగా పడే కిటికీ ఎదుటి గోడ మీద ఆ లెక్క వందల రెట్లు దాటుతుంది. కాగితం బొమ్మ అక్కడ పెడితే ఎరుపులు ముందు వెలిసిపోతాయి. బొమ్మ మీదికి చిన్న ఎల్ఈడీ పక్క నుంచి వాల్చి పెట్టాలి. నేరుగా ఎదురుగా పెడితే కూర్చున్నవాడికి గాజులో తన మొహమే కనపడుతుంది. అప్పుడది మళ్లీ ఇరానీ హోటలే!

గోడ వెనక ఏముందో కూడా కనుక్కోవాలి. న్యూయార్కులో సీగ్రామ్ భవనంలోని ఫోర్ సీజన్స్ రెస్టారెంటులో పికాసో 1919లో బ్యాలే నాటకం కోసం వేసిన భారీ తెర 1959 నుంచి వేలాడింది. దాదాపు 20 అడుగుల బొమ్మ. దాని వెనక గోడ వంటింటి ఆవిరికి దెబ్బతింటోందని, మరమ్మతు చేయాలని భవనం యజమాని పట్టుబట్టాడు. తీస్తే పాడవుతుందని దాన్ని కాపాడుతున్న సంస్థ కోర్టుకెక్కింది. చివరికి 2014లో తెరని చుట్ట చుట్టి దించి న్యూయార్కు హిస్టారికల్ సొసైటీకి తరలించారు. పికాసోకే తప్పనిది మనకి తప్పుతుందా? గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే పొయ్యి అటుపక్కే ఉన్నట్టు.

ఏడు గుర్రాలు

ఇక ఏ బొమ్మ పెట్టాలి? యజమాని నోట మొదట వచ్చే మాట ఏడు గుర్రాలు. పరిగెత్తే తెల్ల గుర్రాలు వ్యాపారానికి కలిసొస్తాయని వాస్తు పండితుడెవరో చెప్పి ఉంటాడు. ఫలానా గోడకి నీళ్ల బొమ్మ పనికిరాదు, యుద్ధం వద్దు, ఎండిన చెట్టు అసలే వద్దు. మొహం పక్కకి తిప్పుకున్న మనిషి బొమ్మ కూడా వద్దన్న యజమానిని చూశాను. లక్ష్మి మొహం తిప్పుకున్నట్టుంటుందట! నవ్వుకోవచ్చు గానీ, ఆయన అద్దె కడుతున్న గోడ అది. చిత్రకారులు ఇక్కడ పంతానికి పోవడం నాకు సబబనిపించదు. ఆ మాటకొస్తే మేకల మంద బొమ్మని మటన్ బిర్యానీ హోటల్లో పెడితే తినేవాడికి ముద్ద దిగకపోవచ్చు. వాస్తు చెప్పకపోయినా అది ఆలోచించాల్సిందే.

తినేవాడికి ముద్ద దిగకూడదనే బొమ్మలు వేసినవాడూ ఉన్నాడు. అదే ఫోర్ సీజన్స్ కోసం 1958లో మార్క్ రాత్కోకి పెద్ద బేరం వచ్చింది. ముదురు ఎరుపు, మెరూన్, నలుపు రంగుల్లో గోడంత కాన్వాసులు వేశాడు. అక్కడ తినే డబ్బున్నవాళ్ల ఆకలి చావాలన్నదే తన ఉద్దేశమని ఒక పాత్రికేయుడితో అన్నాడట. తర్వాత భార్యతో కలిసి ఆ హోటలుకి భోజనానికి వెళ్లాడు. చుట్టూ చూశాడు. బొమ్మలు ఇవ్వనన్నాడు, డబ్బు తిరిగిచ్చేశాడు. వాటిలో తొమ్మిది లండన్‌లోని టేట్ గ్యాలరీకి చేరాయి. అవి లండన్ చేరిన రోజు, 1970 ఫిబ్రవరి 25నే, రాత్కో న్యూయార్కులో ప్రాణం తీసుకున్నాడు. బొమ్మకీ గదికీ పొత్తు కుదరదని చివర్లో తేలడం కన్నా, నలభై బొమ్మలు సిద్ధం చేసుకున్న కుర్ర చిత్రకారులు అందులో భోజనాల గదికి పనికిరానివి ఏవో ముందే పక్కన పెట్టుకోవాలి. ఆ వడపోత యజమాని చేస్తే మనసు కష్టపడుతుంది, తామే చేసుకుంటే పోయేదేం లేదు.

రాత్కోకి పూర్తిగా ఎదురు మనిషి ఎం.ఎఫ్. హుస్సేన్. అహ్మదాబాదులో సమాధుల మధ్యే బల్లలు వేసి నడిపే లక్కీ హోటలుంది. అక్కడి టీ ఆయనకి ప్రాణం. ఆ హోటలుకి తన బొమ్మ బహూకరించాడు. కోట్లు పలికే చేతి బొమ్మ కింద జనం బన్ను మస్కా తింటుంటారు.

గోడ ఇచ్చాం కదా!

డబ్బు మాటకి వస్తే ఇద్దరి గొంతూ మారుతుంది. "గోడ ఊరికే ఇస్తున్నాం, మీకు పబ్లిసిటీ" అంటారు యజమానులు. రంగుల షాపువాడు పబ్లిసిటీ తీసుకుని ట్యూబులివ్వడు కదా. గ్యాలరీలు మామూలుగా ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి. అందుకు ప్రతిగా కొనేవాళ్లని పిలుస్తాయి, కేటలాగు వేస్తాయి. హోటలు అవేవీ చేయదు కాబట్టి అంత వాటా అడగడం న్యాయం కాదు. ఇరవై శాతం దగ్గర తెగితే ఇద్దరికీ మర్యాదగా ఉంటుందని నా లెక్క. ఇంకా మంచి పద్ధతి అద్దె: నెలకింతని చిత్రకారులకిచ్చి, రెండు నెలలకోసారి బొమ్మలు మార్చుకోవడం. ప్లాస్టిక్ పూలకీ అక్వేరియంకీ నెలనెలా ఖర్చు పెట్టే యజమానులు దీనికి మాత్రం ఎందుకు వెనకాడతారో!

ధర చీటీ తప్పనిసరి. పేరు, బొమ్మ పేరు, ఏ రంగులు, కొలత, ధర, అరచేతిలో సగం ఉండే అట్ట మీద. క్యూఆర్ కోడ్ పెడితే మెనూ అనుకుని స్కాన్ చేసేవాళ్లే ఎక్కువ. పర్వాలేదు, అలా చూసినా చూసినట్టే. చీటీ లేకపోతే అది అమ్మకానికి ఉందని సర్వరుకి కూడా తెలీదు.

ఒప్పందం కాగితం మీద పెట్టుకోవాలి. 1887లో వాన్ గోహ్ పారిస్‌లో తంబూరిన్ అనే హోటల్లో తన బొమ్మలు, జపాన్ అచ్చు బొమ్మలు పెట్టాడు. హోటలు నడిపిన అగస్తీనా సెగతోరితో స్నేహమే తప్ప రాతకోతలు ఉన్నట్టు కనపడదు. స్నేహం చెడింది, హోటలు దివాలా తీసింది. అక్కడి కాన్వాసులు కట్టలు కట్టి చిల్లర డబ్బుకి అమ్మేశారని బెర్నార్ తర్వాత రాసుకున్నాడు. అదే ఏడాది చివర్లో షాలే అనే పెద్ద భోజనశాలలో తోటి చిత్రకారులు బెర్నార్, ఆంకెతాన్‌లతో కలిసి వాన్ గోహ్ ఇంకో ప్రదర్శన పెట్టాడు. అది కాస్త నయం. బెర్నార్ మొదటి బొమ్మ అమ్ముడైంది, ఆంకెతాన్‌ది ఒకటి అమ్ముడుపోయింది, తను గోగాన్‌తో బొమ్మ మార్చుకున్నానని తమ్ముడికి ఉత్తరం రాశాడు.

మన చట్టం చిత్రకారులకి కొంత అండగానే ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ అమ్మినా కాపీరైటు పోదు. యజమాని దాని ఫొటో తీసి మెనూ అట్ట మీద అచ్చేయాలంటే అడగాలి. 57వ సెక్షన్ కళాకారుల పరువుకి రక్షణ. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెళ్లాడు. శిల్పం తిరిగిచ్చి 5 లక్షల రూపాయలు చెల్లించాలని 2005లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయితే అదే సెక్షన్ కింద ఒక వివరణ ఉంది: బొమ్మని ప్రదర్శించకపోవడం, కళాకారులకి నచ్చినట్టు ప్రదర్శించకపోవడం ఉల్లంఘన కిందికి రావు. అంటే ఫ్రిజ్ పక్కన, క్యాలెండరు కింద వేలాడదీసినా చట్టం పలకదు. ఏ బొమ్మ ఏ గోడకో, పాడైతే ఎవరు కట్టాలో, అమ్ముడైతే డబ్బు ఎన్ని రోజుల్లో చేతికందాలో ముందే రాసుకోవడం అందుకే.

ఎవరూ రాసుకోని షరతు ఇంకోటుంది. బొమ్మలు దిగాక గోడకి మిగిలే కన్నాలు ఎవరు పూడ్చాలి? గొడవ ఎక్కువగా అక్కడే వస్తుంది. సీలింగు కింద గోడ పొడవునా ఒక అల్యూమినియం పట్టీ బిగించి, దాన్నుంచి సన్నటి స్టీలు తీగలు దించితే కన్నాల బెడద ఒక్కసారితో పోతుంది. కొక్కెం తీగ మీద పైకీ కిందికీ జరుగుతుంది. బొమ్మలు మార్చడం ఒక్క రాత్రి పని. ఖర్చు యజమానిదే అయినా పట్టీ ఆయన గోడకే ఉంటుంది. అది లేని హోటల్లో మొదట పెట్టిన బొమ్మే పదేళ్లుంటుంది. సంక్రాంతికి రంగులేసే పనివాళ్లు దాన్ని దించే ఓపిక లేక చుట్టూ వేసుకుంటూ పోతారు.